పాత పడవ కొనేముందు పూర్వాపరాలు విచారించాలి

వేట నిషేధపు రోజులు వచ్చాయంటే కాకినాడ జిల్లా తీరంలో రెండు పనులు ముమ్మరంగా సాగుతాయి. ఒకటి చిరిగిన వలలు బాగుచేసుకోవడం. రెండవది పాత పడవల బేరాలు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు తూర్పు తీరంలో ఇంజను ఉన్న పడవలు సముద్రంలో వేటకు పోరాదన్నది నిబంధన. ఆ రోజుల్లో పడవలు ఒడ్డెక్కి ఉంటాయి. కొనేవాడికి తీరిక దొరుకుతుంది, అమ్మేవాడికి డబ్బు అవసరం పడుతుంది. జూన్ 15న గంగమ్మకు మొక్కుకుని సముద్రంలోకి దిగాలంటే ఈలోగానే బేరం తెగాలి. ఈ తొందరలోనే ఉప్పాడ, కోనపాపపేట మొదలు కాకినాడ, తాళ్ళరేవు వరకు మత్స్యకార కుటుంబాలు ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్మును ఒక్క పూటలో మరొకరి చేతిలో పోస్తున్నాయి.

ఎద్దును కొనే రైతు పళ్ళు చూస్తాడు, సుడులు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. భూమి కొనేవాడు అడంగల్ చూస్తాడు, ఈసీ తీయిస్తాడు, హద్దులు కొలిపిస్తాడు. పడవ కొనేవాడు మాత్రం చుట్టూ ఒకసారి తిరిగి, ఇంజను ఒకసారి మోగించి, "సరే అన్నా" అని బయానా ఇచ్చేస్తున్నాడు. నీళ్ళలో ఉన్న గేదెకు కొమ్ములు చూసి బేరమాడినట్టుగా ఉన్నది ఈ వ్యవహారం. ఎద్దు చెడ్డదైతే పొలం పని ఆగుతుంది. పడవ చెడ్డదైతే నడిసముద్రంలో మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది. ఇంత తేడా తెలిసి కూడా ఈ అజాగ్రత్త కొనసాగడం విచారకరం.

పడవతో పాటు వచ్చే అప్పు

రేవుల్లో తరచుగా వినిపించే గాథ ఒక్కటే. ఇతరుల పడవ మీద పదేళ్ళు కలాసీగా పనిచేసిన యువకుడు సొంత పడవ కావాలని ఆశపడతాడు. కొత్తది కొనే తాహతు ఉండదు. దూరపు బంధువు దగ్గర పాత ఫైబరు తెప్ప అమ్మకానికి ఉన్నదని తెలుస్తుంది. ఇంట్లో ఉన్న కాస్త బంగారం తాకట్టుకు పోతుంది. భార్య పేరున డ్వాక్రా సంఘంలో అప్పు తీస్తారు. పెద్దమనుషుల ముందు తాంబూలం మార్చుకుని పడవను తెచ్చుకుంటారు. మొదటి వేటలో చేపలు బాగానే పడతాయి. తీరా ఒడ్డుకు చేరేసరికి వ్యాపారి ఒకరు నిలబడి ఉంటాడు. "ఈ పడవ మీద నాకు బాకీ ఉన్నది. సరుకు నాకే వెయ్యాలి" అంటాడు. అమ్మినవాడిని అడిగితే, "అది వేరే లెక్క బావా, నేను సర్దుబాటు చేస్తాను" అని దాటవేస్తాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెత ఇటువంటి చోటనే పుట్టి ఉంటుంది.

ఈ బాకీ ఎక్కడిదో వేటకు పోయే వారందరికీ తెలిసిందే. పడవ కట్టించుకోవడానికో, ఇంజను మార్చడానికో, వల కొనడానికో యజమాని చేపల వ్యాపారి దగ్గర పెట్టుబడి తీసుకుంటాడు. దానికి బదులుగా పడిన చేపలన్నీ ఆ వ్యాపారికే, ఆయన చెప్పిన ధరకే వేస్తానని ఒప్పుకుంటాడు. ఈ ఒప్పందానికి చాలాసార్లు కాగితం ఉండదు. ఉన్నా అమ్మేవాడు బయటపెట్టడు. చట్టం దృష్టిలో ఆ బాకీ మనిషిదే కావచ్చు. రేవు కట్టుబాటులో మాత్రం అది పడవను అంటిపెట్టుకుని ఉంటుంది. పడవ ఎవరి చేతికి పోతే బాకీ వారి వెంట పోతుంది. సరుకును బయట పాటలో వేసుకునే హక్కు లేని పడవ ఎంత మంచిదైనా దాని ధర సగానికి సగం అని లెక్కవేసుకోవాలి.

వ్యాపారి బాకీ ఒక్కటే కాదు. డీజిలు బంకులో అరువు ఉండవచ్చు, ఐసు ఫ్యాక్టరీలో పద్దు ఉండవచ్చు. సరంగుకు, కలాసీలకు ముందుగా ఇచ్చిన అడ్వాన్సుల పేచీ ఉండవచ్చు. బ్యాంకు అప్పుతో కొన్న పడవ అయితే, ఆ అప్పు తీరే వరకు అది బ్యాంకు తాకట్టులో ఉన్నట్టే. వాయిదాలు కట్టనప్పుడు బ్యాంకు వారు అమ్మినవాడి ఇంటికి మాత్రమే కాక పడవ దగ్గరకు కూడా వస్తారు.

రంగు కింద దాగిన రోగం

అమ్మకానికి పెట్టే పడవకు ముందుగా జరిగే సింగారం రంగు. కొత్త రంగు చూసి మురిసిపోరాదు. రంగు వేసి ఎన్నాళ్ళయింది, ఎందుకు వేశారు అని అడగాలి. మన తీరానికి వచ్చిన విపత్తులు చిన్నవి కావు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం వద్ద తీరం దాటినప్పుడు పడవలకు నష్టం వాటిల్లింది. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బరులో రేగిన మంటల్లో దాదాపు 40 బోట్లు కాలిపోయాయి. దెబ్బతిన్న పడవను బాగుచేసి అమ్మడం తప్పు కాదు. దెబ్బ తిన్న సంగతి దాచి అమ్మడం తప్పు. కనుక "ఈ పడవ ఎప్పుడైనా మునిగిందా, తిరగబడిందా, రాయికి కొట్టుకున్నదా, నిప్పు అంటుకున్నదా" అని నోరు తెరిచి అడగాలి. ఆ సమాధానం నలుగురి ఎదుట చెప్పించాలి.

వయస్సు విషయం కూడా ఇటువంటిదే. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వం తీర గ్రామాలకు ఫైబరు పడవలు అనేకం పంచాయి. వాటికిప్పుడు ఇరవై ఏళ్ళు దాటాయి. వాటిలో ఇంకా తిరుగుతున్నవి ఉంటే మూడు నాలుగు చేతులు మారి, రంగులు మారి ఉంటాయి. పది పన్నెండేళ్ళ పడవ అని చెప్పి అటువంటిది అంటగడితే కనిపెట్టడం కష్టం. రిజిస్ట్రేషన్ పత్రంలో కట్టిన సంవత్సరం చూడటం ఒక్కటే మార్గం.

ఫైబరు పడవను చేతి వేళ్ళతో గాని, చిన్న చెక్కతో గాని అడుగు నుంచి అంచు వరకు తట్టుకుంటూ పోవాలి. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది. పొరలు విడిపోయిన చోట బోలుగా, మొద్దుగా పలుకుతుంది. లోపల నిలబడి కాలితో నొక్కితే దిగబడే చోటు, బొబ్బలు లేచిన చోటు, రంగు తేడా కనిపించే అతుకు, ఇంజను బిగించే వెనుక భాగంలో వెంట్రుకవాసి పగుళ్ళు - ఇవన్నీ ప్రమాద సూచనలే. పడవ తేలడానికి బల్లల కింద నురుగు సరుకు నింపిన అరలు ఉంటాయి. వాటిలోకి నీరు చేరితే పడవ బరువెక్కుతుంది. పదిమంది తోస్తే కదలవలసిన పడవకు పద్నాలుగు మంది పట్టవలసి వచ్చిందంటే ఆ నీరు లోపల ఉన్నట్టే అనుమానించాలి. ఈ పరీక్షకు ఖర్చు లేదు.

కర్ర పడవ అయితే నావను తొలిచే పురుగు పెద్ద శత్రువు. పైకి గుండుసూది మోపినంత రంధ్రమే కనిపిస్తుంది, లోపల బల్ల జల్లెడ అయి ఉంటుంది. నీటిలో మునిగే భాగమంతా, ముఖ్యంగా అడుగు దూలం పొడవునా, కత్తి మొనతో పొడిచి చూడాలి. మొన సులభంగా దిగితే కర్ర చచ్చిందన్నమాట. మేకుల చుట్టూ నల్లని మరక ఉంటే తుప్పు పట్టినట్టే. కర్ర మీద ఫైబరు పొర వేయించిన పడవలను మరింత జాగ్రత్తగా చూడాలి. ఆ పొర బలం కోసం వేసినదా, కుళ్ళును కప్పడానికి వేసినదా అన్నది మరమ్మతు చేసిన వడ్రంగి చెప్పాలి.

ఇంజనును తెల్లవారుజామున, అది చల్లగా ఉన్నప్పుడు మోగించి చూడాలి. అమ్మేవాడు ముందుగానే వేడిచేసి ఉంచిన ఇంజను ఎవరికైనా వెంటనే పలుకుతుంది. ఆయిలు పాల రంగులోకి తిరిగి ఉంటే నీరు కలిసినట్టు. నీలిరంగు పొగ విడవకుండా వస్తుంటే ఆయిలు తాగుతున్నట్టు. ఒకసారి ఉప్పునీట మునిగిన ఇంజను బాగుచేసినా లోలోపల తింటూనే ఉంటుంది. ఇంజను మీద కొట్టిన నంబరు కాగితంలోని నంబరుతో సరిపోవాలి. నంబరు చెరిపినట్టు కనిపిస్తే బేరం అక్కడితో ఆపివేయడం మేలు.

నిషేధం రోజుల్లో బేరమాడినవారు బయానా కొంత మాత్రమే ఇచ్చి, మిగిలిన సొమ్ము పడవను నీటిలో దించి ఒక పూట తిప్పి చూసిన తరువాత ఇస్తామని ఒప్పందం రాసుకోవచ్చు. వేటకు పోయే బరువుతో మొగ దాటించి తిప్పినప్పుడు అడుగున ఎంత నీరు చేరిందో చూస్తే పడవ గుణం బయటపడుతుంది. నిజాయితీగా అమ్మేవాడు దీనికి అభ్యంతరం చెప్పడు.

కాగితాల మాట

పడవకు కాగితాలేమిటి అనే రోజులు పోయాయి. 2008 నవంబరులో ముంబయిపై దాడి చేసిన ఉగ్రవాదులు 'కుబేర్' అనే చేపల బోటును పట్టుకుని అందులో తీరం వైపు వచ్చిన సంగతి తెలిసిందే. ఆ తరువాత దేశమంతటా చేపల పడవలకు ఒకే పద్ధతిలో రిజిస్ట్రేషన్ నంబర్లు ఇచ్చి, వివరాలను కంప్యూటర్లలో చేర్చారు. పడవ మీద రాసిన నంబరులో 'ఐఎన్‌డి' అనే అక్షరాల తరువాత రాష్ట్రం గుర్తు ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ పడవకు 'ఏపీ' అని, తమిళనాడు పడవకు 'టీఎన్' అని ఉంటుంది. పొరుగు రాష్ట్రం గుర్తుతో ఉన్న పడవను కొని ఇక్కడ రంగు మార్చి, నంబరు చెరిపి తిప్పుకోవడం చట్టవిరుద్ధం. సముద్రంలో గస్తీ సిబ్బంది ఆపినప్పుడు జవాబు చెప్పవలసింది కొన్నవాడే.

ఇక్కడ తిరిగే పడవలకు ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం, 1994 వర్తిస్తుంది. దాని ప్రకారం వేటకు లైసెన్సు ఉండాలి. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ మత్స్యకారులకు వదిలి మరబోట్లు ఆవల వేటాడాలి. నిషేధ కాలంలో వేటకు పోయినందుకో, హద్దు మీరినందుకో ఆ పడవపై కేసు ఉన్నదా, జరిమానా బాకీ ఉన్నదా అన్నది మత్స్యశాఖ కార్యాలయంలో విచారించాలి.

కనుక డబ్బు ఇచ్చేముందు చూడవలసిన కాగితాలు ఇవి: రిజిస్ట్రేషన్ పత్రం, వేట లైసెన్సు, ఇంజను కొన్న బిల్లు, బీమా ఉంటే దాని పత్రం, బ్యాంకు అప్పు ఉంటే తీరినట్టు బ్యాంకు ఇచ్చే పత్రం. సబ్సిడీపై మంజూరైన పడవ అయితే అమ్మకానికి షరతులు ఉండవచ్చు. మంజూరు ఉత్తర్వు చూడనిదే ముందుకు పోరాదు. 2024 ఆగస్టులో ప్రారంభమైన పథకం కింద దేశంలో లక్ష పడవలకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు అమర్చాలని నిర్ణయించారు. ఆ పరికరం ఉన్న పడవ అమ్ముడైనప్పుడు ఆ సంగతి కూడా అధికారులకు తెలియజేయాలి. లేనిపక్షంలో ఆపద వేళ మీటనొక్కితే పాత యజమాని ఇంటికి కబురు పోతుంది గాని, పడవలో ఉన్నవారి ఇంటికి పోదు.

అన్నిటికంటే ముఖ్యమైనది పేరు మార్పు. స్టాంపు కాగితం మీద రాసుకుని, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించుకుంటే పని అయిపోయిందని చాలామంది భావిస్తున్నారు. అది అమ్మకానికి సాక్ష్యమే తప్ప రిజిస్ట్రేషన్ మార్పు కాదు. మత్స్యశాఖలో దరఖాస్తు ఇచ్చి పేరు మార్పించుకోనంతకాలం రికార్డులో పడవ పాతవాడిదే. దీని ఫలితం ఎంత దూరం పోతుందో గమనించాలి. నిషేధ కాలంలో ఇచ్చే భృతిని రాష్ట్ర ప్రభుత్వం 2025లో 20 వేల రూపాయలకు పెంచింది. ఈ భృతికి అధికారులు రేవుల్లో పడవలను, వాటిపై పనిచేసే వారిని లెక్కించి జాబితా తయారుచేస్తారు. పడవ కాగితాలు సరిగా లేకపోతే నష్టపోయేది యజమాని ఒక్కడే కాదు, ఆ పడవ మీద బ్రతికే కలాసీలందరూ. డీజిలు సబ్సిడీకైనా, తుఫాను పరిహారానికైనా, బీమా సొమ్ముకైనా ముందుగా చూసేది రికార్డులో ఉన్న పేరే.

రేవు చెప్పే సాక్ష్యం

కాగితంలో లేని సంగతులు రేవులో ఉంటాయి. పడవ కొనదలచినవారు ఒక్కరోజు పని మానుకుని నలుగురిని కలవడం మంచిది. ఆ పడవ నడిపిన సరంగును కలిసి ఎందుకు మానుకున్నాడో అడగాలి. దానికి మరమ్మతు చేసిన వడ్రంగిని, మెకానిక్కును కలవాలి. తాళ్ళరేవు ప్రాంతంలో తరతరాలుగా పడవలు కట్టే పనివారున్నారు. ఒక పనివాడికి కూలి ఇచ్చి వెంట తీసుకుపోయి చూపిస్తే ఆ కూలి వృథా కాదు. డీజిలు, ఐసు ఇచ్చే చోట పద్దు విచారించాలి. సరుకు ఎవరికి వేసేవారో కనుక్కుని ఆ వ్యాపారి నోటనే "నాకు బాకీ లేదు" అని చెప్పించాలి. వీలైతే రాయించాలి.

ఐదవ సాక్ష్యం ఆడవారిది. చేపల గంప ఎత్తుకుని ఊరూరా తిరిగే ఆడవారికి ఏ ఇంట్లో ఏ అప్పు ఉన్నదో, ఏ పడవ ఎప్పుడు నీళ్ళు పట్టి వెనక్కి వచ్చిందో తెలియనిది కాదు. బేరం మగవారిది, తాకట్టు నగ ఆడవారిది అన్న తీరు మారాలి. నగ ఇచ్చేవారిని ఒక మాట అడిగితే సగం మోసాలు అక్కడే ఆగుతాయి.

ఇన్ని అడిగితే బంధువు ఏమనుకుంటాడోనన్న మొహమాటం అనేకమందిని ముంచుతున్నది. కాగితం అడగడం అనుమానం కాదు. మాట మీద నడిచిన బేరం చెడినప్పుడే బంధుత్వాలు తెగి, పంచాయతీలు, పోలీసు స్టేషన్లు ఎక్కవలసి వస్తున్నది. నిజం చెప్పి తక్కువ ధరకు అమ్మినవాడికి కూడా కాగితమే రక్ష. పేరు మారని పడవ రేపు ఏదైనా నేరంలో పట్టుబడితే పోలీసులు ముందుగా తట్టేది అమ్మినవాడి తలుపే.

అధికారులు, పెద్దలు చేయవలసింది

తప్పంతా కొనేవాడిదే అనడం సరికాదు. కార్యాలయాల చుట్టూ తిరగలేకనే అనేకులు స్టాంపు కాగితంతో సరిపెట్టుకుంటున్నారు. వేట లేని రోజున కూలి లేదు, కూలి లేనివాడు నాలుగుసార్లు పట్టణానికి రాలేడు. వేట నిషేధ కాలం ఎలాగూ పడవలన్నీ ఒడ్డున ఉండే కాలం. ఆ రెండు నెలల్లో మత్స్యశాఖ వారు ప్రతి రేవులో ఒకరోజు శిబిరం పెట్టి, పేరు మార్పు దరఖాస్తులు అక్కడికక్కడే తీసుకోవాలి. పడవ నంబరు చెప్పినవారికి అది ఎవరి పేరున ఉన్నది, ఏ సంవత్సరం కట్టినది, కేసులు, జరిమానాలు ఏమున్నాయి అన్న వివరాలు గ్రామంలోని మత్స్య సహాయకుల ద్వారా తెలియజేయాలి. బ్యాంకులు కూడా తమ తాకట్టులో ఉన్న పడవల నంబర్లను మత్స్యశాఖకు ఇచ్చి రికార్డులో చేర్పించాలి. ఇందుకు పెద్దగా ఖర్చు లేదు, శ్రద్ధ కావాలి.

గ్రామ పెద్దలు తలచుకుంటే మరొక మంచి పద్ధతి ఏర్పడుతుంది. ఊళ్ళో పడవ అమ్మకం జరిగేముందు మూడు రోజులు రేవులో చాటింపు వేయించాలి. బాకీలున్నవారు ఆ మూడు రోజుల్లో చెప్పుకోవాలి. చెప్పనివారు తరువాత కొన్నవాడి సరుకు మీద చేయి వేయరాదని కట్టుబాటు చేయాలి. కట్టుబాటుకు విలువ ఇచ్చే మత్స్యకార గ్రామాల్లో ఇది జరగని పని కాదు.

1996 నవంబరు 6న వచ్చిన తుఫానులో వేటకు పోయి తిరిగి రానివారిని ఈ తీరం ఇంకా మరువలేదు. తుఫానును ఆపడం మనిషి చేతిలో లేదు. పుచ్చిన బల్ల మీద, అరువు ఇంజను మీద, మరొకరి పేరున ఉన్న పడవలో బిడ్డలను సముద్రంలోకి పంపకుండా ఉండటం మాత్రం మన చేతిలో ఉన్నది. ఈసారి పాత పడవ కొనే ప్రతి కుటుంబం బయానా మూట విప్పకముందు ఒక్కరోజు ఆగి విచారించాలి. ఆ ఒక్కరోజు ఓపిక ఏళ్ళ కష్టార్జితాన్ని, ఆ పడవనెక్కే మనుషుల ప్రాణాలను కాపాడుతుంది.